కూల్ గ్రేనా, వార్మ్ గ్రేనా? ముందు గదిలో వెలుగెంతో చూసుకోండి

దసరా దగ్గర పడిందంటే, ఇంట్లో పెళ్లి కుదిరిందంటే ముందుగా గుర్తొచ్చేది గోడలే. ఒకప్పుడు ఈ విషయం ఐదు నిమిషాల్లో తేలిపోయేది. సున్నం తెచ్చి నానబెట్టడం, తెల్లదనం కోసం చిటికెడు నీలిమందు కలపడం, రెండు పూతలు వేయడం, అంతే. ఇప్పుడు చేతిలో షేడ్ కార్డు ఉంది. అందులో ఒక్క బూడిద రంగుకే పాతిక ముక్కలుంటాయి. వాటిని రెండు జట్లుగా విడదీసి ఒకదాన్ని కూల్ గ్రే అంటున్నారు, ఇంకోదాన్ని వార్మ్ గ్రే అంటున్నారు. ఏది వేయాలన్న దానిపై ఇంట్లో వాదనలు నడుస్తున్నాయి.

ఇందులో డాక్టరుకేం పని అని మీకు అనిపించవచ్చు. పని ఉంది. నా ఓపీకి వచ్చే పెద్దవాళ్లలో చాలామంది రోజులో ఇరవై గంటలకు పైగా నాలుగు గోడల మధ్యే ఉంటారు. నిద్ర పట్టడం లేదనేవాళ్లు, గడప తట్టుకుని పడ్డవాళ్లు, రంగులేసిన వారానికి ఆయాసంతో వచ్చినవాళ్లు, వీళ్లలో కొందరి సమస్య వెనుక ఆ గది కూడా ఉంటుంది. మనం మందు రాస్తాం, గది గురించి అడగం. అందుకే ఈ వారం గోడల గురించి మాట్లాడుకుందాం. గౌలిగూడలాంటి పాత బస్తీలను దృష్టిలో పెట్టుకుని మాట్లాడుకుందాం. ఎందుకంటే విశాలమైన విల్లాలో ఏ గ్రే వేసినా పెద్దగా నష్టం లేదు. ఇరుకు గల్లీలో ఆరడుగుల దూరంలో ఎదురింటి గోడ ఉన్న గదిలో మాత్రం ఉంటుంది.

నీలిమందు చెప్పే రహస్యం

కూల్, వార్మ్ అనే మాటలకు భయపడనక్కర్లేదు. నలుపు, తెలుపు మాత్రమే కలిపితే వచ్చే గ్రేకి ఏ వాసనా ఉండదు. దానిలో కొంచెం నీలం, ఆకుపచ్చ, వంకాయ రంగు ఛాయ కలిస్తే అది కూల్ గ్రే. పసుపు, ఎరుపు, మట్టిరంగు ఛాయ కలిస్తే వార్మ్ గ్రే. మన నాయనమ్మలకు ఇది తెలుసు. సున్నంలో నీలిమందు వేస్తే గోడ చల్లని తెలుపుగా, అదే సున్నంలో కాస్త ఎర్రమట్టి కలిపితే వెచ్చని తెలుపుగా కనిపించేది.

డబ్బాలో ఉన్న ఛాయ ఏదో తెలుసుకోవడానికి ఒక సులువు ఉంది. షేడ్ ముక్క పక్కన తెల్ల కాగితం పెట్టండి. విడిగా చూస్తే ఉత్త బూడిదలా ఉన్నది కాగితం పక్కన నీలంగానో గోధుమగానో బయటపడుతుంది.

ఒక అపోహ కూడా ఇక్కడే తీర్చేద్దాం. కూల్ గ్రే వేస్తే గది చల్లబడదు. ఆ చల్లదనం కంటికి మాత్రమే. థర్మామీటరు పెట్టి చూస్తే రెండు గదుల్లోనూ ఒకటే వేడి. ఎండాకాలంలో ఇల్లు నిజంగా చల్లబడాలంటే రంగు వేయాల్సింది లోపలి గోడకు కాదు, పైకప్పుకు. మిద్దె మీద వేసే తెల్లని పూత ఎండను తిప్పికొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఈ ఉద్దేశంతోనే. చివరి అంతస్తులో ఉండే పెద్దవాళ్లకు వడదెబ్బ భయం తగ్గించాలనుకుంటే ఖరీదైన హాలు రంగు కన్నా మిద్దె మీది తెల్లపూత ముందు.

అసలు లెక్క వెలుగుది

గ్రే గురించి మాట్లాడేటప్పుడు అందరూ ఛాయ గురించే వాదిస్తారు. ఆరోగ్యానికి ఛాయ కన్నా ముఖ్యమైనది ఇంకోటి ఉంది. ఆ గోడ తన మీద పడిన వెలుగులో ఎంత తిరిగి ఇస్తుంది అన్నది. దీన్ని ఎల్‌ఆర్‌వీ అంటారు. సున్నా నుంచి వంద వరకు ఉండే అంకె. కటిక నలుపు సున్నాకు దగ్గర, మంచి తెలుపు ఎనభై దాటుతుంది. లేత గ్రేలు అరవై, డెబ్బై దగ్గర ఉంటాయి. మధ్యరకం గ్రేలు నలభై, యాభై. ఇప్పుడు ఫ్యాషన్‌గా ఒక గోడకు వేస్తున్న ముదురు బొగ్గు రంగు పది చుట్టుపక్కల ఉంటుంది. చాలా కంపెనీలు షేడ్ కోడ్‌తో పాటు ఈ అంకె కూడా ఇస్తాయి. షాపులో అడగండి.

ఈ అంకె ఎంత తేడా తెస్తుందో చిన్న లెక్కతో చూద్దాం. కిటికీలోంచి వంద పాళ్ల వెలుగు వచ్చిందనుకోండి. గోడలు, సీలింగు, నేల కలిపి సగటున నూటికి డెబ్బై పాళ్లు తిప్పి పంపితే, ఆ డెబ్బై మళ్లీ ఇంకో గోడకు తగిలి నలభై తొమ్మిది, అది మళ్లీ ముప్పై నాలుగు, ఇలా చేరుతూ పోయి మొత్తం సుమారు 330 పాళ్లవుతుంది. సగటు యాభైకి పడిపోతే వంద, యాభై, పాతిక, ఇలా కలిపి 200 దగ్గరే ఆగుతుంది. కిటికీ అదే, సూర్యుడూ అతనే. గోడల రంగు వల్ల గదిలో వెలుగు నూటికి నలభై పాళ్లు తగ్గిపోయింది. అసలే చీకటిగా ఉండే గదిలో ఈ నలభై చిన్నది కాదు.

వెలుగు కంటిచూపు కోసమే కాదు. మన కంటిపొరలో చూపుతో సంబంధం లేని మరో రకం కణాలున్నాయని 2002లో శాస్త్రవేత్తలు తేల్చారు. ఇవి పగలెప్పుడో రాత్రెప్పుడో మెదడులోని గడియారానికి కబురు పంపుతాయి. నీలం వైపు వెలుగుకు ఎక్కువగా స్పందిస్తాయి. పగలు వీటికి చాలినంత వెలుగు అందకపోతే, రాత్రి టీవీ, ట్యూబ్‌లైటు వెలుగు ఎక్కువైతే, ఆ గడియారం గందరగోళంలో పడుతుంది. నిద్ర ఆలస్యమవుతుంది, తెల్లవారుజామున మెలకువ వస్తుంది, పగలు మగత కమ్ముతుంది. పగటిపూట కంటి దగ్గర కనీసం 250 లక్స్ వెలుగు ఉండాలని, పడుకునే ముందు మూడు గంటలు అది పదికి మించకూడదని, నిద్రలో ఒకటికి మించకూడదని 2022లో ఈ రంగపు నిపుణులు ఉమ్మడిగా సూచించారు. ఈ లెక్క ఆ కణాలు గ్రహించే నీలివైపు వెలుగును బట్టి వేసింది. బయట మబ్బు పట్టిన రోజు కూడా వేలల్లో లక్స్ ఉంటుంది. గల్లీలోని మొదటి అంతస్తు వెనక గదిలో మిట్టమధ్యాహ్నం కూడా వందకు చేరకపోవచ్చు.

నీలం వెలుగు మంచిదైతే పగటి కోసం కూల్ గ్రే వేస్తే సరిపోతుందా? సరిపోదు. రెండు గ్రేల మధ్య ఆ ఛాయ తేడా చాలా స్వల్పం. లేత వార్మ్ గ్రే వేసిన గది, ముదురు కూల్ గ్రే వేసిన గది కన్నా ఆ కణాలకు ఎక్కువ వెలుగే అందిస్తుంది. కాబట్టి ముందు అంకె, తరువాతే ఛాయ. చీకటి గదిలో ఎల్‌ఆర్‌వీ డెబ్బైకి తగ్గిన రంగు గోడలకు వద్దు. సీలింగు మాత్రం ఎప్పుడూ తెలుపే.

ఎదురింటి గోడే మీ ఆకాశం

గ్రే ఎంచుకోవడం గురించి ఎక్కడ చదివినా ఉత్తరం కిటికీ గదికి వార్మ్, దక్షిణం కిటికీ గదికి కూల్ అని ఉంటుంది. ఇది యూరప్, అమెరికా దేశాలకు సరిపోయే సూత్రం. అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఏడాదంతా దక్షిణం వైపే ఉంటాడు, ఉత్తరం కిటికీకి ఎక్కువగా నీలి ఆకాశపు వెలుగే. హైదరాబాద్ సంగతి వేరు. 2023లో మే 9న, ఆగస్టు 3న ఇక్కడ మిట్టమధ్యాహ్నం నిటారు కర్రకు నీడ లేకుండా పోవడం చాలామంది చూసే ఉంటారు. ఏటా ఈ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. అంటే మనకు ఉత్తరం వైపు కూడా ఏడాదిలో దాదాపు మూడు నెలలు మధ్యాహ్నపు ఎండను చూస్తుంది. 

పైగా గౌలిగూడ, పుత్లీబౌలి, అఫ్జల్‌గంజ్ వైపు గల్లీల్లో దిక్కు కన్నా ముఖ్యమైనది ఎదురింటి గోడ. కిటికీలోంచి ఆకాశం కనిపించని గదికి వచ్చేదంతా ఎదురు గోడకు తగిలి వచ్చే వెలుగే. ఆ గోడ ఆకుపచ్చ అయితే మీ గదిలోకి ఆకుపచ్చ ఛాయ వస్తుంది, నీలం రేకులైతే నీలం వస్తుంది. షాపు వెలుగులో ముచ్చటగా కనిపించిన కూల్ గ్రే ఆ గదిలో ఆసుపత్రి మార్చురీ గోడలా తేలడానికి కారణం ఇదే.

నేలను కూడా చూడండి. ఈ ప్రాంతపు పాత ఇళ్లలో షాబాద్ బండలు, తాండూరు బండలు ఉంటాయి. షాబాద్ బండ స్వతహాగా బూడిద రంగే. తాండూరులో నీలం రకం ఉంది, పసుపు రకం ఉంది. కింద బూడిద బండ, పక్కన బూడిద గోడ, పైన మసిబారిన సీలింగు ఉంటే గది మొత్తం ఒకే ముద్దలా అయిపోతుంది. నీలి బండ ఉన్న గదికి వార్మ్ గ్రే, లేదంటే గ్రే వదిలేసి మీగడ తెలుపు నయం.

పాత ఇళ్లలో వెలుగు ఎందుకు తగ్గిందో కూడా ఒకసారి ఆలోచించాలి. ఆ ఇళ్లు కట్టినప్పుడు నడుమ ఆకాశం కనిపించే వాకిలి ఉండేది. చుట్టూ గదులకు వెలుగు, గాలి అక్కడినుంచే. కుటుంబాలు పెరిగాక, వాటాలు పంచుకున్నాక దానిమీద రేకులు వేశారు, గది చేశారు, గోదాముగా అద్దెకిచ్చారు. ఈ నగరం ఒకప్పుడు వెలుగును ఆరోగ్యం సంగతిగా చూసింది. 1908 మూసీ వరద, ఆ తర్వాత ప్లేగు చూసిన హైదరాబాద్‌లో 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీల స్థానంలో గాలి, వెలుతురు ఉండే ఇళ్లు, వెడల్పు రోడ్లు దాని పని. వందేళ్ల తర్వాత మనం అదే వెలుతురును రేకులతో మూసి, గోడకు ఏ గ్రే వేద్దామని చర్చిస్తున్నాం. ఆ రేకుల్లో రెండు తీసి పారదర్శకమైన షీట్లు వేయించుకుంటే ఏ పెయింటూ చేయలేని మేలు జరుగుతుంది.

తాతయ్య కళ్లతో చూడండి

రంగు ఎంచుకునేది సాధారణంగా ఇంట్లో ఉద్యోగం చేసే కొడుకు, కూతురు, కోడలు. వాళ్ల వయసు ముప్పై, నలభై. ఆ గదిలో ఎక్కువసేపు ఉండేది డెబ్బై దాటిన తల్లిదండ్రులు. ఇద్దరికీ కనిపించే గోడ ఒకటి కాదు.

వయసుతో కనుపాప చిన్నదవుతుంది, కంటిలోని లెన్సు మసకబారి పసుపెక్కుతుంది. ఇరవై ఏళ్ల కంటి వెనక పొరకు చేరే వెలుగులో అరవై ఏళ్ల కంటికి సుమారు మూడోవంతే చేరుతుంది. పసుపెక్కిన లెన్సు ముందుగా ఆపేది నీలాన్నే. అందుకే మీకు హుందాగా కనిపించే కూల్ గ్రే శుక్లం ఉన్న అమ్మకు మురికి గోడలా కనిపించవచ్చు. శుక్లం ఆపరేషన్ అయ్యాక చాలామంది ‘అన్నీ నీలంగా కనిపిస్తున్నాయి డాక్టర్’ అంటారు. అది జబ్బు కాదు, ఇన్నేళ్లూ ఆగిపోయిన నీలం మళ్లీ లోపలికి రావడం. ఫ్రెంచి చిత్రకారుడు క్లోడ్ మోనేకి 1923లో శుక్లం ఆపరేషన్ అయ్యాక రంగులు కనిపించే తీరు మారిపోయింది. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తేదీ దగ్గర్లో ఉంటే రంగులు అది అయ్యాకే ఎంచుకోండి, వాళ్లను కూడా అడిగి ఎంచుకోండి.

ఇంకో ప్రమాదం పడిపోవడం. తుంటి ఎముక విరిగి మంచాన పడ్డ వృద్ధుల్లో కొందరు మళ్లీ మునుపటిలా నడవరు. ఇప్పటి ఫ్యాషన్‌లో గోడ గ్రే, తలుపు గ్రే, టైల్సు గ్రే, బాత్రూం గడప కూడా గ్రే. మసక చూపుకు గోడ ఎక్కడ ఆగిందో, నేల ఎక్కడ మొదలైందో తెలియదు. పక్కపక్కన ఉండే గోడ, నేల, తలుపుల మధ్య ఎల్‌ఆర్‌వీలో కనీసం ముప్పై తేడా ఉండాలని బ్రిటన్‌లో భవన ప్రమాణాలు చెబుతున్నాయి. మన ఇంట్లో దీన్ని పాటించడానికి ఖర్చేమీ లేదు. గోడ లేత గ్రే అయితే ద్వారబంధం ముదురు గోధుమ రంగు వేయండి. గడపకు, మెట్ల అంచులకు పసుపు గీత గీయండి. మన గడపకు పసుపు రాయడం ఆచారమే కదా, దానితో పాటు పెయింటుతో ఒక గీత. స్విచ్‌బోర్డు చుట్టూ, బాత్రూంలో పట్టుకునే కడ్డీకి గోడకు భిన్నమైన రంగు ఉండాలి.

పసిబిడ్డ ఉండే గదికి వేరే జాగ్రత్త కావాలి. పుట్టిన వారంలో చాలామంది పిల్లలకు కామెర్లు వస్తాయి. ఎక్కువమందిలో వాటంతట అవే తగ్గినా, కొందరిలో పెరిగి మెదడుకు హాని చేస్తాయి. తల్లి రోజూ బిడ్డ ఒంటిరంగు చూస్తూ ఉండాలి. పసుపు గోడ, పసుపు బల్బు ఉన్న గదిలో కామెర్లు దాక్కుంటాయి. నీలి ఛాయ గోడ, తెల్లని ఎల్‌ఈడీ కింద ఆరోగ్యంగా ఉన్న బిడ్డ కూడా పాలిపోయినట్టు కనిపిస్తాడు. బాలింత గదికి తెలుపు, లేదా ఏ ఛాయా లేని చాలా లేత గ్రే మంచిది. ఏ గోడ అయినా బిడ్డను కిటికీ దగ్గరికి తెచ్చి పగటి వెలుగులో చూడాలి, అనుమానం ఉంటే రక్తపరీక్ష చేయించాలి.

‘మరక కనపడదు’ అన్నదే అసలు ముప్పు

గ్రే ఎందుకు వేయించారని అడిగితే చాలామంది చెప్పే జవాబు ‘మురికి కనపడదు సార్’ అని. వైద్యుడిగా నాకు నచ్చనిది ఈ మాటే. అగరుబత్తి పొగ, దోమల కాయిల్ పొగ, వంటింటి తాలింపు, గల్లీలో బండ్ల పొగ, ఇవన్నీ గోడ మీద చేరుతున్నాయంటే మన ఊపిరితిత్తుల్లోకీ చేరుతున్నాయని అర్థం. తెల్ల గోడ ఆ చాడీ చెబుతుంది. ముదురు గ్రే నోరు మూసుకుంటుంది.

చెమ్మ సంగతి ఇంకా ముఖ్యం. పాత రాతి గోడలు, సున్నపు గచ్చు గోడలు నేలలోంచి, పక్కింటి బాత్రూంలోంచి నీటిని పీల్చుకుంటాయి. వాటి మీద సున్నం ఉన్నంతకాలం ఆ తడి నెమ్మదిగా బయటికి ఆరిపోయేది. సున్నానికున్న క్షారగుణం వల్ల బూజు కూడా తేలిగ్గా పట్టేది కాదు. ఇప్పుడు అదే గోడకు లప్పం పెట్టి, ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తున్నాం. తడి లోపలే చిక్కుకుని రెండో వానాకాలానికి పొక్కులు లేస్తాయి, పెచ్చులూడతాయి, వెనక నల్లబూజు పెరుగుతుంది. చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో దగ్గు, పిల్లికూతలు, ఆస్తమా ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ముదురు గ్రే గోడ మీద ఆ నల్లబూజు ముదిరేదాకా కనిపించదు. చెమ్మ గోడకు రంగు వేయడమంటే పుండు మీద పౌడరు అద్దడమే. ముందు పైపు లీకేజీ, మిద్దె పగులు సరిచేయాలి. గోడను ఒక ఎండాకాలం ఆరనివ్వాలి. పాత సున్నపు గోడకు మళ్లీ సున్నమే వేయించుకోవడం వెనకబాటుతనం కాదు, సరైన వైద్యం. అందులో కావాలంటే రంగు పొడి కలిపి లేత వార్మ్ గ్రే చేయించుకోవచ్చు.

గోకేటప్పుడు జాగ్రత్త

ఏ గ్రే అన్న దానికన్నా పాత రంగును ఎలా తీస్తున్నారన్నది పిల్లలకు ప్రాణాంతకమైన ప్రశ్న. పాతకాలపు ఆయిల్ పెయింట్లలో, ముఖ్యంగా తలుపులకు, కిటికీ గ్రిల్స్‌కు వేసిన ఎనామెల్ రంగుల్లో సీసం ఉండేది. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదని కేంద్రం 2016లో నిబంధన తెచ్చింది. అది 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన పూతలు మన తలుపుల మీద పొరలు పొరలుగా ఇంకా ఉన్నాయి. మేస్త్రి వాటిని పొడిగా సాండ్ పేపర్‌తో రుద్దినప్పుడు లేచే దుమ్ములో ఆ సీసం ఉంటుంది. పాకే బిడ్డ చేతులకు అంటి నోట్లోకి పోతుంది. రక్తంలో ఇంత వరకు ఫరవాలేదు అనే సీసం మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లల్లో రక్తహీనత, కడుపునొప్పి, చదువులో మందకొడితనం, చిరాకు దీనివల్ల రావచ్చు.

అందుకే పాత రంగు గోకే రోజుల్లో పసిపిల్లలను, గర్భిణులను బంధువుల ఇంటికి పంపండి. నీళ్లు చల్లి తడిగా గోకమనండి. చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడిపించండి. గోకిన పెచ్చులను గల్లీలో పారబోయకుండా కవర్లో కట్టి చెత్తబండికి ఇవ్వండి. రోజంతా ఆ దుమ్ములో ఉండే మేస్త్రికి మాస్కు ఇవ్వండి. అతను అవే బట్టలతో ఇంటికెళ్లి తన బిడ్డను ఎత్తుకుంటాడు. బయలుదేరే ముందు కడుక్కోవడానికి నీళ్లు, సబ్బు మీరే చూపించండి.

కొత్త రంగు వేశాక ఆస్తమా ఉన్నవాళ్లు కనీసం రెండు మూడు రోజులు ఆ గదిలో పడుకోవద్దు. కిటికీలు తెరిచి, ఫ్యాన్లు వేసి ఉంచండి. గోడలకు నీటితో కలిపే రంగులు, వీఓసీ తక్కువున్నవి తీసుకోండి. థిన్నర్ కలిపే ఎనామెల్ వీలైనంత తక్కువ చోట వాడండి. వాసన రాకపోతే రసాయనాలు లేవని కాదు, గాలి ఆడనివ్వాల్సిందే.

గ్రే వేస్తే దిగులు వస్తుందా?

ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. 2010లో మాంచెస్టర్ పరిశోధకులు రంగుల చక్రం చూపించి మీ మనసు ఏ రంగులో ఉందని అడిగారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఎక్కువగా పసుపు చూపించారు, ఆందోళన, కుంగుబాటు ఉన్నవాళ్లు ఎక్కువగా గ్రే చూపించారు. అదే ఏడాది జర్మనీలోని ఫ్రైబుర్గ్ వైద్యులు కుంగుబాటు రోగుల కంటిపొర నలుపు తెలుపు తేడాలకు తక్కువగా స్పందిస్తోందని కొలిచి చూపించారు. అంటే దిగులున్న మనిషికి లోకం నిజంగానే వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. ఇవి దిగులు వల్ల గ్రే కనిపించడం గురించి చెప్పాయి, గోడకు వేసిన గ్రే వల్ల దిగులు రావడం గురించి కాదు. గోడ రంగు మార్చి కుంగుబాటు నయం చేయొచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి. రెండు వారాలకు పైగా దిగులు, నిరాసక్తత, నిద్రలేమి ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, లేదా 14416 నంబరుకు టెలీ మానస్‌కు ఫోన్ చేయండి. అయితే పగలు వెలుగు తక్కువైన గదిలో రోజుల తరబడి ఉండటం ఎవరికీ మంచిది కాదు. చీకటి గదిని ఇంకా చీకటి చేసే ముదురు గ్రేని నేను వద్దనేది ఇందుకే.

మరి ఏం వేద్దాం?

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆకాశం కనిపించని గదికి, పెద్దవాళ్ల గదికి గ్రే వేయాలనుకుంటే లేత వార్మ్ గ్రే. పడమటి ఎండ నేరుగా పడే గదికి, పెద్ద కిటికీల హాలుకు లేత కూల్ గ్రే వేసుకోవచ్చు. పడమటి ఎండలో ఉన్న పసుపుదనాన్ని అది సరిచేస్తుంది. ముదురు గ్రే ఒక్క గోడకే, అది కూడా కిటికీకి ఎదురుగా ఉన్న గోడకు కాదు. ఎదురు గోడే గదిలోకి వెలుగును తిప్పి పంపేది.

రంగు కొనేముందు రెండు అడుగుల అట్టముక్కకు రెండు పూతలు వేసి, దాన్ని గదిలో నాలుగు గోడలకూ ఆనించి చూడండి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, రాత్రి లైటు వేసి ఒకసారి. బల్బు డబ్బా మీద ఉన్న అంకె కూడా చూడండి. 6500 కెల్విన్ అంటే నీలి తెలుపు, 3000 అంటే వెచ్చని పసుపు. 6500 ట్యూబ్‌లైటు కింద ఏ వార్మ్ గ్రే అయినా చప్పబడిపోతుంది. పగలు చదువుకునే, పనిచేసే చోట తెల్లని లైటు, రాత్రి పడకగదిలో 3000 లైటు పెట్టుకుంటే గోడకూ నిద్రకూ రెండింటికీ మేలు.

అద్దె ఇంట్లో ఉంటే గోడలు మీ చేతిలో ఉండవు. సీలింగుకు తెల్లపూత వేయించమని యజమానిని అడగండి, అది చాలా చవక. కిటికీ అద్దాలు కడగండి. కిటికీకి అడ్డంగా ఉన్న బీరువాను పక్కకు జరపండి. పెద్దవాళ్ల కుర్చీ కిటికీ దగ్గర వేయండి. రోజూ పొద్దున ఒక అరగంట వాళ్లను చబూత్రా మీదో, మిద్దె మీదో కూర్చోబెట్టండి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ విటమిన్ డి ఇవ్వదు, ఏ గోడ రంగూ ఇవ్వదు. దానికి బయటికి రావాల్సిందే.

చివరిగా ఒక్క మాట. మన ఇళ్లలో మంచి రంగు ముందు హాలుకు, మిగిలిన రంగు వెనక గదికి వేస్తాం. హాలులో చుట్టాలు నెలకు రెండు గంటలు కూర్చుంటారు. వెనక గదిలో అమ్మ రోజుకు ఇరవై గంటలుంటుంది. ఈసారి లెక్క తిరగేయండి. షేడ్ కార్డు ముందుగా ఆమె చేతికివ్వండి, పెయింటర్‌ను ముందుగా ఆమె గదికి పంపండి.

- ఎంబీబీఎస్, ఎండీ, ప్రభుత్వ ఆసుపత్రి ఫిజీషియన్, హైదరాబాద్